గీత పెట్టిన మూల

ఆ ప్రయోగశాల నేలమాళిగలో పనిచేసే ఆమెకు సున్నా మేడం అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు, ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. లోహపు పొరలను ద్రవ హీలియంలో చల్లబరిచి, కరెంటుకు వాటిలో ఎదురయ్యే నిరోధం ఎప్పుడు సున్నాకు పడిపోతుందో చూసి చెప్పడం ఆమె పని. చదువు ముగించిన నాటి నుంచి అదే గదిలో, అదే బల్ల ముందు కూర్చుని, తెరమీద గీత ఎప్పుడు కిందికి జారుతుందా అని చూస్తూ జుట్టు నెరిపించుకుంది. ఇంటికి వెళ్తే గుమ్మంలో చెప్పులు ఒక్క జతే.

ఒకప్పుడు రెండు జతలుండేవి. అదే భవనం పై అంతస్తులో అక్క పనిచేసేది. అక్కది పొరలు వేసే పని. గాలంతా లాగేసిన ఉక్కు డబ్బాలో, గోరంత గాజు ముక్క మీద, ఒక లోహం మీద ఇంకో లోహం, మంచు పడ్డంత మెత్తగా. అమ్మానాన్నలు తొందరపడి వెళ్ళిపోయాక చెల్లెలికి జడ వేసింది, లెక్కలు చెప్పింది, ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది అక్కే. పొద్దున ఇద్దరూ ఒకే బస్సెక్కేవారు, సాయంత్రం ఒకే కూర మీద పోట్లాడుకునేవారు. "ఏమే" అని అక్క పిలవనిదే చెల్లెలికి తెల్లవారేది కాదు.

ఆ పొరల సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే వీళ్ళ తగువు అర్థం కాదు. బాగా చల్లబడిన నయోబియం అనే లోహంలో ఎలక్ట్రాన్లు ఒంటరిగా తిరగవు, జంటలు కడతాయి. జంటలో ఒకటి పైకి చూస్తే రెండోది కిందికి చూస్తుంది. అలా ఎడమొహం పెడమొహంగానే చేతులు పట్టుకుని, దేనికీ తగలకుండా సాగిపోతాయి. అయస్కాంతానికి ఈ కాపురం గిట్టదు. తన దగ్గరికి వచ్చినవాళ్ళంతా ఒకేవైపు చూడాలంటుంది. జంట విడిపోతుంది, నిరోధం మళ్ళీ మొదలవుతుంది. అందుకని నయోబియం పొరను రెండు అయస్కాంతపు పొరల మధ్య ఇరికిస్తారు. ఆ రెండూ ఒకేవైపు లాగితే జంటలు తట్టుకోలేవు. ఒకటి ఇటూ ఒకటి అటూ లాగితే దాని పట్టు దీనికి చెల్లయిపోయి, మధ్యలో జంటలు బతికిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే పిల్లలు సందు చూసుకుని ఆటకు పోయినట్టు.

ఆ రెండు పొరల్లో ఒకటి మొండిది. తయారయ్యేటప్పుడు ఎటు చూపిస్తే ఇక ఎప్పటికీ అటే చూస్తుంది. రెండోది మాట వినేది, బయట నుంచి కాస్త అయస్కాంతం చూపిస్తే చాలు, తిరుగుతుంది. కాబట్టి ఆ బయటి అయస్కాంతాన్ని ఇటు తిప్పితే నిరోధం సున్నా, అటు తిప్పితే నిరోధం పైకి. ఇంట్లో దీపం స్విచ్చులాగే. కాకపోతే మొండి పొర ఎటు చూస్తోందో ముందే తెలిసుండాలి. అడ్డదిడ్డంగా పెట్టి తిప్పితే రెండు పొరలూ కలవవు, విడిపోవు, ఏమీ జరగదు. అది కంటికి కనిపించేది కాదు కనుక, పొర వేసినామె గాజు ముక్కకు ఒక మూలన వజ్రపు మొనతో చిన్న గీత గీస్తుంది. గీత కుడివైపు పై మూలకు వచ్చేలా ముక్కను పట్టుకోవాలి, పై అంచు వెంబడి అయస్కాంతాన్ని నడపాలి. అదీ అక్కాచెల్లెళ్ళ మధ్య ఒప్పందం. కాగితం మీద రాసుకున్నది కాదు, ఇంట్లో అన్నం వడ్డించుకుంటూ అనుకున్న మాట.

మొట్టమొదటి ముక్క పూర్తయిన రోజు అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని తనే మెట్లు దిగి వచ్చింది. "నువ్వు జరుగు, నేను పెడతా" అని చెల్లెల్ని పక్కకు తోసి, తన చేత్తోనే యంత్రంలో బిగించింది. మధ్యాహ్నానికల్లా చల్లబడింది. తెరమీద గీత జారి జారి సున్నాకు అంటుకుంది. అయస్కాంతాన్ని తిప్పారు, లేచింది. వెనక్కి తిప్పారు, పడింది. "ఏమే, పడిందే!" అని అక్క కేకపెడితే పక్క గదిలోంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఆ విభాగానికి పెద్ద అయిన పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుని చూసి, "ఒక్కటి నమ్మరమ్మా. ఇలాంటిదే ఇంకొకటి చేసి చూపించండి, అప్పుడు లోకానికి చెబుదాం" అన్నాడు.

ఇంకొకటి చేశారు. దాన్ని పూర్తిచేసిన మర్నాడు అక్కకు జ్వరం వచ్చి, ముక్కను చిన్న డబ్బాలో పెట్టి మనిషితో పంపించింది. చెల్లెలు గీత చూసుకుని, కుడివైపు పై మూలకు తెచ్చి, బిగించి, చల్లబరిచింది. తెరమీద గీత సున్నాకు పడింది. అయస్కాంతాన్ని ఎటు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాతిదీ అంతే. దాని తర్వాతిదీ అంతే.

పెద్దసారు అందరినీ కూర్చోబెట్టి ఏమైందని అడిగాడు. అక్క కూడా అక్కడే ఉంది, జ్వరం తగ్గి ఇంకా నీరసంగా, శాలువా కప్పుకుని. చెల్లెలు లేచి, "నా కొలతలో తప్పేం లేదు సార్. పొరలే సరిగ్గా లేవు. మొదటిది ఏదో కలిసొచ్చింది, అంతే" అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అన్న మాట కాదది. ఆమె నిజంగా అలాగే నమ్మింది, నమ్మింది కనుకే గొంతు అంత గట్టిగా వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ గదిలో ఊరంతా ఉంది, నోరు మాత్రం మంచిది కాలేకపోయింది. అక్క కళ్ళెత్తి చెల్లెల్ని ఒకసారి చూసి, శాలువా సర్దుకుంది.

ఆ వారంలోనే అక్క తన బట్టలు సర్దుకుంది. "ఎక్కడికి?" అని చెల్లెలు అడిగితే, "గది దొరికింది" అంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్క ఆమెతో మాట్లాడలేదు.

పని మాత్రం ఆగలేదు. ఇద్దరికీ వేరేవాళ్ళ పనులు బోలెడు. మధ్యమధ్యలో పెద్దసారు ఆశ చావక, "మనది మరొకటి చేసి చూడండమ్మా" అనేవాడు. అక్క చేసేది. చేసి, డబ్బా మూతకు టేపు అంటించి, నేలమాళిగ తలుపు పక్కనున్న గూట్లో పెట్టించేది. చెల్లెలు కొలిచి, ఆఫీసు కంప్యూటర్లో ఒక్క మాట పంపేది, పనిచెయ్యలేదు అని. అక్క నుంచి జవాబుండేది కాదు. నడవాలో ఎదురైతే అక్క గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు మీది అక్షరాలు చదువుకుంటూ వెళ్ళేది. ఇద్దరిదీ ఒకే రక్తం కదా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రక్తం. గీత ఎటు నుంచి చూసి పెడుతున్నావని ఈమె అడగదు, ఎటు నుంచి చూసి బిగిస్తున్నావని ఆమె అడగదు. రెండు అంతస్తుల దూరం, ఒక్క ప్రశ్న. అడిగితే ముత్యాలు రాలతాయా?

ఇంట్లో అక్క గది తలుపు మూసే ఉండేది. చెల్లెలు వారానికోసారి తెరిచి తుడిచి మళ్ళీ మూసేది. పొయ్యికి రెండు మంటలుంటే ఒకటే వెలిగేది, రెండోదాని మీద మూతలు, గరిటెలు చేరాయి. ఏదైనా నవ్వొచ్చే మాట వినపడితే ఇంటికెళ్ళి చెప్పాలనిపించేది, గుమ్మం దాకా వచ్చాక మరిచిపోయేది. నేలమాళిగలో యంత్రంతోనే మాట్లాడటం అలవాటు చేసుకుంది. "ఏం తల్లీ, ఇవాళేంటి అలక?" అని దాని పొట్ట మీద తట్టేది. పనివాళ్ళు విని నవ్వుకునేవారు. ఒంటరిగా ఉండటం అలవాటవుతుందని లోకం చెబుతుంది. చెప్పేవాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఉంటారు.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె చేసిన పని ఒకటుంది, దాన్ని దాచడం కుదరదు. హీలియం దొరకడం కష్టమైంది. వేరేవాళ్ళ ముక్కలు వరస కట్టాయి. అక్క డబ్బా వచ్చినప్పుడల్లా, ఎలాగూ పనిచెయ్యదు కదా, దీనికోసం హీలియం ఎందుకు తగలెయ్యడం అనిపించింది. మొదట ఒకటి వాయిదా వేసింది, తర్వాత ఇంకొకటి. చివరికి డబ్బా విప్పకుండానే బల్ల కింది సొరుగులో పడేసి, పనిచెయ్యలేదు అని పంపడం మొదలుపెట్టింది. దానికి ఆమె మనసు పెద్దగా కలతపడలేదు కూడా. చూడకుండానే తెలిసిన జవాబని అనుకుంది.

అక్క పదవీ విరమణ సంగతి ఆమెకు నోటీసు బోర్డు మీద తెలిసింది. వీడ్కోలు సభలో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. పెద్దసారు మాట్లాడుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది, అందరికంటే కొంచెం ఎక్కువసేపు. టీలు పంచేలోపే అక్క వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గూట్లోకి డబ్బాలు రాలేదు. అప్పుడు తెలిసింది ఆమెకు, ఇన్నేళ్ళూ తను ఆ డబ్బా కోసం ఎంతగా చూసిందో. విప్పినా విప్పకపోయినా, అక్క చేతిలోంచి తన చేతిలోకి వచ్చే వస్తువు అదొక్కటే. దారిన పోతూ ఖాళీ గూట్లోకి తొంగిచూసి, ఎవరైనా చూశారేమోనని తల తిప్పుకునేది. అక్క నోట మళ్ళీ ఒక మాట వినాలని ఉంది, తిట్టయినా సరే. ఎలా అడగాలో తెలియలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంది, అనుకుని యంత్రంతో ఇంకాస్త ఎక్కువ మాట్లాడింది.

ఏమీ తోచని ఒక మధ్యాహ్నం, తేమ తగలని అల్మారాలోంచి అక్క చేసిన పాత ముక్కొకటి తీసింది. మొదట్లో, ఇంకా కొలుస్తున్న రోజుల్లో దాచినవి అవి. వాటికి పైనా కిందా రెండువైపులా మెరుపే, ఒకవైపు లోహం, ఒకవైపు గాజులోంచి కనిపించే లోహం. కంటి అద్దాలు మార్చుకోవాల్సిన వయసు. గీతను కుడివైపు పై మూలకు తెచ్చి బిగించి, కరెంటు పంపి కొలిచే నాలుగు సూదులూ ఆనించింది. కరెంటు వెళ్ళలేదు. వంగి చూస్తే, ముక్కను బోర్లా పెట్టింది, సూదులు గాజు మీద ఆనుతున్నాయి. "బుద్ధి లేదు నాకు" అని తిట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు ముక్కను అటు నుంచి ఇటు తిప్పేసింది. ఇప్పుడు గీత ఎడమ మూలకు వచ్చింది. మళ్ళీ తీసి సరిచెయ్యాలి. బద్ధకించింది. ఎలాగూ పనిచెయ్యనిదానికి మూల ఏదైతేనేం అనుకుని అలాగే చల్లబరిచింది.

తెరమీద గీత సున్నాకు పడింది. అలవాటుగా అయస్కాంతాన్ని తిప్పింది. నిరోధం లేచింది.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. వెనక్కి తిప్పితే పడింది. మళ్ళీ తిప్పితే లేచింది. నోటి దాకా వచ్చిన కేక అక్కడే ఆగింది, వినేవాళ్ళెవరున్నారని. కాసేపటికి చేతి సంచిలోంచి బస్సు కార్డు తీసింది. కార్డు మూలన ఉన్న చుక్కను కుడివైపు పైకి పెట్టి పట్టుకుంది. వెనక్కి తిప్పి, అదే మూల మళ్ళీ కుడివైపు పైకి రావాలంటే కార్డును నిలువుగా పట్టుకోవలసి వచ్చింది. కార్డుకు పొడవూ వెడల్పూ ఉన్నాయి కనుక తేడా కనిపించింది. చదరపు గాజు ముక్కకు ఎటు తిప్పినా ఒకటే ఆకారం. అక్క యంత్రంలో ముక్క మొహం కిందికి పెట్టి ఉంటుంది, లోహం కింది నుంచి పైకి చల్లుతారు కాబట్టి. గీత పెట్టేటప్పుడు అక్కకు కనిపించేది దాని వీపు. తను చూసేది మొహం. ఇన్నేళ్ళూ అయస్కాంతాన్ని నిలువుకు బదులు అడ్డంగా నడిపింది. మొదటి ముక్కను అక్క తన చేత్తో, తన లెక్కలో బిగించింది గనుక పనిచేసింది.

అల్మారాలో ఉన్నవన్నీ కొలిచింది. అన్నీ లేచాయి, అన్నీ పడ్డాయి. అక్క చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు.

అక్క ఇల్లెక్కడో ఆమెకు తెలియదు. గేటు దగ్గర కాపలాదారుని అడిగితే, "మీ అక్కగారి ఇల్లు మీకు తెలీదా మేడం?" అన్నాడు పాపం, తప్పుగా అడగలేదు. వీధి పేరు చెప్పాడు. మందుల షాపు పక్క సందులో, రెండో అంతస్తు. చెల్లెలు తలుపు తట్టి, వెనక్కి వెళ్ళిపోదామా అనుకునేలోపే తెరుచుకుంది.

అక్క చిక్కిపోయింది. చేతిలో కూర తరిగే కత్తి. ఇద్దరూ గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డారు.

"అక్కా, గీత..." అని చెల్లెలు నీళ్ళు నమిలింది. "నువ్వు వీపు వైపు నుంచి పెట్టావు. నేను మొహం వైపు నుంచి చూశాను. అంతే అక్కా, అంతే జరిగింది. నీ పొరలన్నీ మంచివే. అన్నీ కొలిచాను."

"తెలుసు" అంది అక్క.

"ఎప్పట్నుంచి?"

"చాలా ఏళ్ళయింది. వేరే ఊరివాళ్ళకి వేరే పనికి ఒక ముక్క పంపితే ఫోన్ చేసి అడిగారు, గీత మొహం వైపు నుంచి చూడాలా, వీపు వైపు నుంచా అని. వాళ్ళు పరాయివాళ్ళు. అయినా అడిగారు."

"మరి నాకు చెప్పొచ్చుగా!" చెల్లెలికి ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. "ఇన్నేళ్ళ పని అక్కా! నువ్వు పైన, నేను కింద..."

"చెప్పానే" అంది అక్క నెమ్మదిగా. "నోటితో చెప్పలేదు, నిజమే. అంత మంచితనం లేదు నాకు. గీతని రెండో మూలకి మార్చి పెట్టి పంపాను. నువ్వు మొహం వైపు నుంచి చూసి పట్టుకున్నా సరిగ్గా వచ్చేలాగ. అది పడి లేస్తే నువ్వే పరిగెత్తుకుంటూ పైకొస్తావనుకున్నా. ఆ రోజంతా పని చెయ్యలేదు నేను, మెట్ల వైపే చూస్తూ కూర్చున్నా. పనిచెయ్యలేదని వచ్చింది నీ దగ్గర్నుంచి. ఇంకోటి పంపాను. ఇంకోటి. అన్నిటికీ అదే."

చెల్లెలికి సొరుగులో పడేసిన డబ్బాలు గుర్తొచ్చాయి.

"అవి... నేను..."

"చల్లబరచలేదు. నాకు తెలీదా? చల్లబరిచుంటే ఒక్కటైనా లేచేది కాదూ? పొర బాగాలేదని అందరి ముందూ అన్నావు, పడ్డాను. కొలిచి అన్నావు కదా, నీకు అలా కనబడింది కాబోలు అని సర్దుకున్నాను. కొలవకుండా అన్నావు చూడూ, అదే నావల్ల కాలేదు."

లోపల గిన్నెలో ఏదో పొంగుతున్న చప్పుడైంది. అక్క వెనక్కి తిరిగి చూసి, "వెళ్ళు. వాటిని కొలిచి రా" అని తలుపు దగ్గరికి వేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మర్నాడు పొద్దున్నే ఆమె సొరుగులాగి డబ్బాలన్నీ బల్ల మీద పెట్టింది. మూతల మీది టేపులు పసుపు రంగుకు తిరిగి, గోరు తగలగానే పొడిపొడిగా రాలాయి. నేలమాళిగ చెమ్మ అంతా ఇంతా కాదు. ముక్కల మీద అక్కడక్కడా మెరుపు పోయి మసక కమ్మింది. ఒక్కొక్కటే, వరసలో ఉన్న వేరేవాళ్ళ చేత మాటలు పడుతూ, చల్లబరిచింది. కొన్నిట్లో నిరోధం సున్నాకు రానే లేదు. కొన్ని సున్నాకు వచ్చాయి గానీ అయస్కాంతానికి కదల్లేదు. గీత కుడికి పెట్టి చూసింది, ఎడమకు పెట్టి చూసింది, బతిమాలింది. ఆఖరిదాని దాకా అంతే. తేమ లోపలికి దిగి అయస్కాంతపు పొరలు తుప్పుపట్టాయి. వచ్చిన రోజునే కొలిచి ఉంటే ఎలా ఉండేవో చెప్పే దారి ఇక భూమ్మీద లేదు.

అబద్ధం చెబుదామా అని ఆమె అనుకోకపోలేదు. అన్నీ పనిచేశాయక్కా అంటే అయిపోతుంది. అక్క మొహం వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మాట నాలుక మీదే ఉంది.

అక్క తలుపు తీసింది. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"పనిచెయ్యలేదక్కా" అంది చెల్లెలు. "ఒక్కటి కూడా. అన్నీ కొలిచాను, రెండు వైపులా పెట్టి కొలిచాను. నేనే వాటిని చెమ్మలో పడేశాను. పాడైపోయాయి."

అక్క ఆమె మొహంలోకి చూసింది.

"అయితే ఆ పొరలు బాగా కుదిరాయో లేదో ఇంక ఎవరికీ తెలీదన్నమాట."

"తెలీదు."

"అన్నిట్లోకీ మంచివి అవే అనుకున్నాను నేను" అంది అక్క. గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. వెనక్కి తిరిగి లోపలికి నడిచింది.

తలుపు మాత్రం వెయ్యలేదు. మరిచిపోయి వదిలేసిందో, రమ్మని వదిలేసిందో చెల్లెలికి అర్థం కాలేదు. చెప్పులు విప్పడానికి వంగింది, ఆగింది, నిటారుగా నిలబడింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇలాంటప్పుడు ఆమె ఎప్పుడూ తనకు తోచిన అర్థమే ఖాయం చేసుకుని మెట్లు దిగిపోయేది. ఈసారి గుమ్మం పట్టుకుని, చిన్నపిల్లలా గొంతు పెంచి అడిగింది.

"అక్కా, నేను లోపలికి రానా?"